కనుబొమ్మ ఇంకా ఆరలేదు

మనిషిని గీయాలంటే నేను చెవితో మొదలుపెడతాను. నోటిని నవ్వించవచ్చు, కళ్ళు పెద్దవి చేసుకోవచ్చు, ఊపిరి బిగపట్టి పొట్టను లోపలికి లాక్కోవచ్చు. చెవులను మాత్రం ఎవరూ ఏమీ చేసుకోలేరు. ఇరవై ఎనిమిదేళ్ళు మియాపూర్ వైపు ఒక సర్కారు బడిలో డ్రాయింగు టీచరుగా పనిచేసి, కొన్ని వేల చెవులు మెలిపెట్టిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

నా పేరు నాగమణి. సొంతూరు ప్రొద్దుటూరు. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు. ఆయనది మంచిదని నేనూ ఎప్పుడూ అనలేదు.

బడి ఉద్యోగంతో పాటు నాకు ఇంకో పని ఉండేది, పోయినవాళ్ళ బొమ్మలు గీయడం. ఎవరింట్లోనైనా పెద్దాయన పోతే కర్మ రోజుకు దండ వేయడానికి పటం కావాలి కదా. రేషన్ కార్డు మీది ఫొటో పట్టుకొచ్చి "మా నాయన్ను కొంచెం నవ్వేటట్టు గీయండి మేడం" అనేవాళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవరినీ నవ్వనివ్వని మనిషిని, పోయాక నేను నవ్వించాలి. రిటైరైన రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఫొటో చూసి గీసేది లేదు. బతికున్న మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుంటేనే కుంచె ముట్టుకుంటాను.

కిందటి జూన్‌లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి స్వప్న అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హెచ్చార్. ఆ కంపెనీ పేరు చెప్పను, చెబితే వాళ్ళ లాయరుకు పని దొరుకుతుంది. భీమవరం పిల్ల, ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒక అండి తగిలిస్తుంది.

"మా దగ్గర పదేళ్ళు దాటినవాళ్ళకి దీర్ఘకాల సేవా గౌరవం అని మొదలుపెట్టామండి. ఒక్కొక్కరికి ఆయిల్ పెయింటింగ్ ఇస్తామండి. ఫొటోలు పంపమంటారా అండి?"

"ఫొటోలొద్దు, మనుషుల్నే పంపు. ఒక్కొక్కరు ఆరుసార్లు కూచోవాల. కూచున్నప్పుడల్లా గంట."

"ఆరు గంటలా! వాళ్ళకి పనుంటుంది కదండి."

"అట్లయితే వాళ్ళ కుర్చీల్ని గీసిస్తా, అవి ఖాళీగానే ఉంటాయి కదా" అన్నాను.

ఆ మాట ఆమె పై అధికారికి నచ్చిందట. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి గీయడం అంటే మర్యాదగా ఉంటుందన్నాడట. ముప్పై పేజీల ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చదవలేదు. చదివి ఉంటే తెలిసేది, ఇక్కడ చూసింది బయట చెప్పకూడదని. ఇప్పుడు చెబుతున్నాను, ఏం చేసుకుంటారో చేసుకోమనండి.

తొమ్మిదో అంతస్తులో నాకొక గది ఇచ్చారు. దాని పేరు ప్రశాంతి. ఉద్యోగులు పని మధ్యలో వచ్చి ప్రశాంతంగా కూర్చోవాలని కట్టించారట. ఒక్కరూ రాలేదని నాకు ఇచ్చారు. ఒక ప్లాస్టిక్ వెదురు చెట్టు, కూర్చుంటే లేవలేని రెండు సంచి కుర్చీలు, మూడు వైపులా అద్దాలు. కిటికీలోంచి చూస్తే పుప్పాలగూడ వైపు మూడు క్రేన్లు. నా ఈజిల్‌కు ఉత్తరం వెలుతురు దొరికింది, అంతవరకూ మంచిదే.

మొదట కూర్చున్నవాడు ప్రవీణ్. వరంగల్ మనిషి, పన్నెండేళ్ళ సర్వీసు, బుగ్గల మీద పాత మొటిమల గుంటలు. "గుంటలు తీసేయాల్నా?" అని అడిగితే "ఉండనియ్యుండ్రి మేడం, నావే గదా" అన్నాడు. అక్కడే నచ్చాడు. తర్వాత ఇంకో ముగ్గురు. నాలుగు బొమ్మల్లో రెండు బాగా వచ్చాయి, ఒకటి పరవాలేదు, ఒకటి చూస్తే ఆయన భార్య కూడా గుర్తుపట్టదు. అయినా అందరూ సంతోషించారు. కంపెనీ హాలులో చప్పట్లు కొట్టి, ఫ్రేము కట్టిన బొమ్మ చేతికిచ్చారు. వాళ్ళు నవ్వుతూ పట్టుకున్న ఫొటోలు నెట్లో పెట్టుకున్నారు. కింద "జీవితంలో కొత్త అధ్యాయం" అని రాసుకున్నారు. పదోన్నతి వచ్చిందేమో అనుకున్నాను.

అంతటితో నాకు గిరాకీ పెరిగింది. మెట్ల దగ్గర, లిఫ్టులో, క్యాంటీన్‌లో మనుషులు పలకరించడం మొదలుపెట్టారు. గిరీష్ అని జమ్మలమడుగు అబ్బాయి, టీము లీడరు, నా యాస విని వెంటపడ్డాడు.

"మేడం, మనం మనం ఒక జిల్లా. తొమ్మిదేండ్లే అయింది నాకు, నిజమే. కానీ నా మాదిరి పనిచేసేవాళ్ళు ఈ బిల్డింగులోనే లేరు. నా పేరు కూడా కొంచెం లిస్టులో పెట్టమని చెప్పండి."

"నేను గీసేదాన్నబ్బా, ఏరేదాన్ని కాదు."

అయినా వినలేదు. మర్నాడు వాళ్ళమ్మ చేసిన ఓళిగలు, అంటే బొబ్బట్లే, డబ్బా నిండా తెచ్చి పెట్టాడు. ఓళిగలు తిన్నాను, సిఫారసు చేయలేదు.

ఐదోవాడు కిరణ్ పాల్. సదాశివపేట మనిషి, ముప్పై తొమ్మిదేళ్ళు, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని. గుబురు మీసం, ఒత్తయిన జుట్టు, గోపన్‌పల్లిలో అపార్టుమెంటు, అక్కడే చర్చి. అతని చెవులు చిన్నవి, సిగ్గుపడితే ముందుగా అవే ఎర్రబడతాయి. భార్య దీవెన స్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు ఏడో నెల.

"సెప్టెంబరు రెండో వారం ఆపరేషన్ అన్నది డాక్టరమ్మ" అని మూడోసారి కూర్చున్నప్పుడు చెప్పాడు. "బీపీ ఉన్నది మేడం. చిన్న దవాఖానల ఎవరూ తీసుకుంటలేరు. పెద్ద దవాఖానల చూపిస్తున్నం. మా కంపెనీ ఇన్సూరెన్సు లేకుంటే ఆ దవాఖాన గేటు కూడ దాటలేం."

"కదలొద్దు. మీసం గీస్తాండా" అన్నాను. ఆ రోజుకు నాకు తెలిసింది అంతే.

జూలై ఆఖరు మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు, మియాపూర్ మెట్రో మెట్ల దగ్గర ప్రవీణ్ కనిపించాడు. చంకలో నా బొమ్మ. పాత దుప్పటిలో చుట్టి, ప్లాస్టిక్ తాడుతో కట్టాడు.

"ఏమబ్బా, ఆఫీసు లేదా?"

ఒక నిమిషం నా ముఖంలోకి చూశాడు. తర్వాత మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

"మీకు తెల్వదా మేడం? నిజంగ తెల్వదా? బొమ్మ చేతికిచ్చిండ్రు, చప్పట్లు కొట్టిండ్రు. పక్క రూముకు తోలుకపోయి కాయితం ఇచ్చిండ్రు. రేపటికెల్లి రావొద్దన్నరు. లాప్‌టాప్ గుంజుకున్నరు. బొమ్మ మటుకు ఇంటికి తెచ్చుకోమన్నరు."

నలుగురూ అంతేనా అని అడిగాను. నలుగురూ అంతేనట.

"మరి ఆ కొత్త అధ్యాయం?"

"ఏమని రాయాలె మేడం? తీసేసిండ్రని రాసుకుంటమా? ఇంట్ల గూడ చెప్పలే. పొద్దుగాల టిఫిన్ డబ్బా కట్టిస్తది మా ఆమె, మెట్రో ఎక్కి నాగోలు దాక పోయి మళ్ళీ వస్తున్న. బొమ్మ హాలులో పెట్టింది. దాన్ని సూసుకుంట అన్నం తినలేక సస్తున్న. ఫ్రేము వదులైంది, బాగు చేయిస్తనని తెచ్చిన. దోస్తు రూముల పడేస్త."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికి వారు నోరు కట్టుకున్నారు. అందుకే లోపల మిగిలినవాళ్ళకు తెలియలేదు. ఆ రోడ్డు మీద ఎటూ రోజూ ఎవరో ఒకరు ఒక అద్దాల మేడ వదిలి ఇంకో అద్దాల మేడకు పోతూనే ఉంటారు, ఎవరు లెక్కపెడతారు? పైగా నలుగురు పోతే నలభై మంది నా దగ్గర బొమ్మ కోసం క్యూ కట్టారు. కోరి కొరివితో తల గోక్కోవడం పుస్తకంలో చదివాను గానీ, కొరివి కోసం సిఫారసు చేయించుకోవడం ఇక్కడే చూశాను.

ఆ మధ్యాహ్నమే స్వప్న బల్ల ముందు నిలబడి బ్యాగు దబ్బున పెట్టాను.

"నాతో మనుషుల్ని సాగనంపే బొమ్మలు గీయిస్తాండావా?"

ఆ పిల్ల చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మెల్లగా అండి. వట్టి చేతులతో పంపితే బాధపడతారు కదండి. గౌరవంగా ఉండాలని సార్ ఐడియా అండి."

"గౌరవమా! మేకకు బొట్టు పెట్టి దండేస్తే అది గౌరవం అనుకుంటాదా?"

"మీకు కోపం వస్తే రావచ్చండి, కానీ కిరణ్ పాల్ గారి బొమ్మ ఆలస్యం చెయ్యకండి. నెలాఖరుకి క్లోజ్ అవ్వాలండి. బొమ్మ లేకపోతే సిస్టమ్‌లో ఏదీ కదలదు."

"బొమ్మ లేకపోతే ఏం కదలదు?"

నాకు కంప్యూటర్ తెలియదన్న జాలితో విడమరచి చెప్పింది. ఒక మనిషిని తీసేయాలంటే వాళ్ళ సిస్టమ్‌లో ఒక టికెట్ తెరుస్తారట. దాంట్లో వరసగా గడులు ఉంటాయి. మొదటి గడి జ్ఞాపిక. ఆర్టిస్టు సంతకంతో సహా పూర్తయిన బొమ్మ ఫొటో దాంట్లో పెట్టాలి. పెట్టాకే రెండో గడి తెరుచుకుంటుంది. తర్వాత కాగితం, బ్యాడ్జి, లాప్‌టాప్, ఇన్సూరెన్సు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఎవరికీ బొమ్మ ఇవ్వడం మరిచిపోకూడదని పెద్దసారు తన చేత్తో పెట్టించిన నియమమట అది.

"మరి బొమ్మ కాకపోతే?"

"కాకపోవడం ఏంటండి? మీరు గీస్తున్నారు కదా" అంది స్వప్న.

గీయను పొమ్మని అక్కడే చెప్పి రావాలని నాలుక కొన దాకా వచ్చింది. వస్తే ఏమవుతుంది? ఫొటో చూసి ఒక్కపూటలో గీసి పడేసే ఇంకొకడిని తెచ్చుకుంటారు. కిరణ్ పాల్ ఆగస్టు మొదటి తారీకుకు రోడ్డు మీద ఉంటాడు. దీవెనకు ఏడో నెల. జీవితంలో మొదటిసారి నా నోటిని మూసుకున్నాను. బ్యాగు తీసుకుని ప్రశాంతి గదికి వెళ్ళి, కిరణ్ పాల్ ఎడమ కనుబొమ్మను గుడ్డతో తుడిచేశాను.

అతనికి చెప్పలేదు. చెబితే ముఖంలో దాచుకోలేడు. సాయంత్రానికి దీవెన కనిపెడుతుంది, బీపీ పెరుగుతుంది. మగవాడు భార్య దగ్గర అబద్ధం నిలబెట్టుకున్న చరిత్ర నేను మా ఇంట్లోనూ చూడలేదు.

ఆగస్టు రెండు వారాలు కనుబొమ్మతో గడిపాను. గీయడం, చెరపడం, మళ్ళీ గీయడం. స్వప్న వస్తే నూనె రంగు, వానాకాలం, ఆరలేదు అనేదాన్ని. "ఏసీ గదిలో కూడా ఆరదా అండి?" అంటే "ఏసీలోనే అసలు ఆరదు" అనేదాన్ని. ఆమెకు రంగుల గురించి తెలియదు, నాకు టికెట్లు అర్థం కాలేదని ఆమె అనుకునేది. సరిపోయింది.

తలనొప్పి ఆమెతో రాలేదు, కిరణ్ పాల్‌తో వచ్చింది. దీవెన ఈ బొమ్మ సంగతి చర్చిలో సాక్ష్యంగా చెప్పేసిందట. ఇన్నేళ్ళ కష్టానికి దేవుడు ఘనత ఇచ్చాడని మైకులో చెప్పి ఏడ్చిందట. ఆగస్టు మూడో ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పాస్టరుగారు వస్తారు, వంద మందికి బిరియానీ, గోడ మీద బొమ్మ ఉండాలి.

"మేడం, ఒక కనుబొమ్మకి పదిహేను దినాలా? మా వాచ్‌మన్ గూడ ఒక దినంల గేటుకు రంగేసిండు."

"అయితే వాడితోనే గీయించుకో."

"కోపానికి రాకుండ్రి. జర జల్ది చేయుండ్రి."

నేను ఇంకా నెమ్మదించాను. అతను స్వప్నకు ఫిర్యాదు రాశాడు. స్వప్న పై అధికారికి, ఆ పైవాడికి కూడా పంపాడు. ఆర్టిస్టు పనితీరు అసంతృప్తికరం, గడువులు పాటించడం లేదు, ఐదుకు ఒక్క నక్షత్రం. ఆ ఉత్తరం స్వప్న నాకు చదివి వినిపించింది. వింటూ ఉంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఉరితాడు పేనడం ఆలస్యమవుతోందని ఫిర్యాదు చేసినవాడిని మొదటిసారి చూస్తున్నాను.

మర్నాడు వచ్చి అసలు బాంబు వేశాడు. "అమీర్‌పేటల ఒకాయన ఉన్నడు మేడం. ఫొటో ఇస్తే రెండు దినాలల్ల ఇస్తడట. స్వప్న మేడం గూడ సరే అన్నది. మీరు బాధపడకుండ్రి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కూచో!" అని అరిచాను. ఇరవై ఎనిమిదేళ్ళు తరగతి గదిలో వాడిన గొంతు. పాపం, కూర్చున్నాడు. "ఒరే నాయనా, ఈ బొమ్మ అయిన దినం నీ ఉద్యోగం అయిపోతాది. ప్రవీణ్‌కు ఫోన్ చేసి కనుక్కో. నీ పెండ్లాం కానుపు అయ్యేదాకా దీన్ని ఈడ్చాలని నేను కనుబొమ్మ గీసి గీసి చేతులు పడిపోతాంటే, నువ్వు నాకు ఒక్క నక్షత్రం ఇస్తావా?"

అతను అక్కడే ప్రవీణ్‌కు ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు విన్నాడు. ఫోన్ పెట్టేశాక అతని చెవులు ఎర్రబడలేదు, తెల్లబడ్డాయి.

"అంటే నన్ను తీసేయనీకి జల్ది చేయమని నేనే మెయిల్ పెట్టిన్నా మేడం?"

"అవును. పైవాళ్ళకు కూడా కాపీ పెట్టినావు."

కాసేపు నేల చూశాడు. ఏడుస్తాడేమో అని గుడ్డ వెతికాను, టర్పెంటైన్ గుడ్డ తప్ప దొరకలేదు. కానీ అతను పదకొండేళ్ళుగా తప్పులు వెతికిన మనిషి. తల ఎత్తి అడిగాడు.

"మేడం, బొమ్మ సగంల ఉండంగ నా ముఖం మారితే?"

"మారితే మొదటి నుంచి గీయాల."

సోమవారం మీసం లేకుండా వచ్చాడు.

పై పెదవి తెల్లగా, చిన్నపిల్లాడిలా ఉంది. స్వప్న చూసి కెవ్వుమంది. బ్లేడు జారిందని ఒకచోట, దీవెనే తీసేయమందని ఇంకోచోట చెప్పుకొచ్చాడట. ఫొటో బొమ్మ వద్దు, మేడమే ఎదురుగా చూసి గీయాలని కొత్త మెయిల్ పెట్టి అమీర్‌పేట ఆయన్ని ఆపించాడు. నేను నోరంతా తుడిచి మళ్ళీ గీశాను. పది రోజులు వచ్చాయి. కృతజ్ఞత కూడిక బొమ్మ లేకుండానే జరిగింది. దేవుని సమయం ఇంకా రాలేదని పాస్టరుగారే సర్దిచెప్పారట.

నోరు పూర్తయ్యేసరికి ఆగస్టు అయిపోయింది. స్వప్న రోజూ గడియారం చూపించడం మొదలుపెట్టింది. అప్పుడు కిరణ్ పాల్ గుండు కొట్టించుకొచ్చాడు.

ఆ రోజు తొమ్మిదో అంతస్తులో పని జరగలేదు. "తిరుపతి పోయొచ్చినవా? లడ్డు ఏది?" అని టీము మొత్తం చుట్టుముట్టింది. గోపన్‌పల్లిలో వ్యవహారం ఇంకా ముదిరింది. చర్చి మనిషి గుండుతో కనిపించేసరికి పాస్టరుగారు సాయంత్రం ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. విశ్వాసంలో ఏమైనా సందేహాలు కలిగాయా అని చాలా సున్నితంగా అడిగారట. చుండ్రు అని చెప్పాడు. చుండ్రు కోసం మోకాళ్ళ మీద పడి అరగంట ప్రార్థన చేసి వెళ్ళారు.

"మా దీవెన నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నది మేడం" అన్నాడు. "నవ్వుడు మంచిదేనట, డాక్టరమ్మ అన్నది." అన్నాడే గానీ అతను నవ్వలేదు. రెండు వారాలుగా ఆమె దగ్గర దాస్తున్నాడు. కళ్ళ కింద నల్లటి వలయాలు వచ్చాయి. అవి నేను గీయవలసి వచ్చింది. మనసు పాడైంది.

ఆపరేషన్ సెప్టెంబరు రెండో సోమవారం. డిశ్చార్జి గురువారం. దానికి ముందు శుక్రవారం స్వప్న లాప్‌టాప్ చంకన పెట్టుకుని నేరుగా నా గదిలోకి వచ్చింది. కిరణ్ పాల్ అప్పుడే కింద క్యాంటీన్‌కు వెళ్ళాడు.

"ఇవాళ సంతకం పెట్టాల్సిందేనండి. జుట్టు లేకపోతే జుట్టు లేకుండానే ఇచ్చెయ్యండి. పై నుంచి నన్ను తిడుతున్నారు. మీరు కావాలనే చేస్తున్నారని నాకు తెలుసండి."

"తెలిసి ఏం చేస్తావు?"

"అమీర్‌పేట ఆయన్ని సోమవారం పిలుస్తానండి. ఫొటో నా దగ్గరుంది."

సోమవారం. అంటే బుధవారానికి బొమ్మ. అక్కడ దీవెన ఆసుపత్రి నుంచి బయటపడకముందే ఇక్కడ అతని ఇన్సూరెన్సు ఆగిపోతుంది. నాకు భయమేసింది. ఆ పిల్లను బతిమాలాలో కొట్టాలో తెలియలేదు. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా చేతిలో బొగ్గు ముక్క కదులుతోంది. పథకం వేసి చేశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అది నిజం కాదు. కోపమొస్తే నా చెయ్యి ఎదురుగా ఏది కనబడితే అది గీస్తుంది.

స్వప్న మాటల మధ్యలో ఆగిపోయింది.

"ఏంటండి అది?"

"చెవి."

"ఎవరిదండి?"

"నీదే. బుట్టకమ్మ కూడా ఉంది, చూడు."

ఆమె ముఖంలో రంగు దిగిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చెవి మీద చెయ్యి వేసుకుంది.

"నన్నెందుకు గీస్తున్నారండి? ఎవరు చెప్పారండి మీకు? సార్ చెప్పారా?"

ఎవరూ చెప్పలేదమ్మా అనడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూశాను.

"తల కదిలించొద్దు" అన్నాను.

ఆ పిల్ల లాప్‌టాప్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. సంతోషించాను. తర్వాత సిగ్గేసింది. ఆమె కాళ్ళు తడబడడం అద్దాల గోడలోంచి లిఫ్టు దాకా కనబడింది మరి.

శని, ఆదివారాలు ఏ కబురూ లేదు. సోమవారం ఉదయం ఫోన్ మోగింది.

"లిస్టులో నా పేరు లేదండి" అంది స్వప్న, ఉపోద్ఘాతం లేకుండా. "నాలుగుసార్లు చూశాను."

"ఉందని నేనెప్పుడన్నాను?"

"రెండు రోజులు అన్నం దిగలేదండి. మా అమ్మకి ఎలా చెప్పాలో అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాను. ఏడుపొచ్చింది. రేపటినుంచి రావద్దని ఇరవై ఒక్క మందికి నవ్వుతూ చెప్పానండి నేను, ఇంతకుముందు చేసిన కంపెనీలతో కలిపి." గొంతు తగ్గించింది. "కిరణ్ పాల్ గారి భార్యకి ఇవాళే కదండి? హాస్పిటల్ కాగితాలు నా దగ్గరికే వచ్చాయి. గురువారం డిశ్చార్జి అని ఉంది."

"అవును."

"నాకు గురువారం దాకా జ్వరమండి. అమీర్‌పేట ఆయన్ని పిలవడానికి ఓపిక లేదు. శుక్రవారం పదింటికి మాత్రం సంతకం ఉండాలండి. అంతకంటే నా వల్ల కాదు." ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. రెండున్నర కిలోలు, గట్టి ఏడుపు. కిరణ్ పాల్ పంపిన ఫొటోలో నేను మొదట చూసింది చెవులే. గురువారం తల్లీబిడ్డా ఇంటికి చేరారు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు అతను ప్రశాంతి గదికి వచ్చాడు. తల మీద గరుకుగా జుట్టు మొలుస్తోంది, మీసం సగం పెరిగింది. ఆరుసార్లు కూర్చోవలసిన మనిషి ఇరవైసార్లు కూర్చున్నాడు. నా చేతిలో అంత బాగా కుదిరిన బొమ్మ ఇంకోటి లేదు. భయపడుతూ, దాస్తూ, అయినా ప్రతిసారీ వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చున్న మనిషి ఉన్నాడు దాంట్లో. మెచ్చుకోకుండా ఉండలేకపోయాను. అందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

"పెట్టుండ్రి మేడం" అన్నాడు.

"ఇంకో వారం లాగుదామబ్బా. ముక్కు బాగలేదని చెప్తా."

"వద్దు. పిల్లను ఎత్తుకుంటే గూడ గిదే యాదికొస్తున్నది. ఇగ నాతోని కాదు."

సన్న కుంచె తీసుకుని కింద మూలలో నా పేరు రాశాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ణి మీద గుడి వంకర పోయింది. అతను ఫోన్‌తో ఫొటో తీశాడు. స్వప్నకు పంపుతాడనుకున్నాను. తన లాప్‌టాప్ తెరిచి, ఆ టికెట్ వెతికి తీశాడు. మొదటి గడి ఉద్యోగి ఎవరైనా నింపవచ్చట.

"నువ్వెందుకు? ఆ పిల్ల చేస్తాదిలే."

"పదకొండేండ్ల సంది అందరి టికెట్లు క్లోజ్ చేసిన మేడం. గిది గూడ నేనే చేస్త." మొదటి గడిలో బొమ్మ పెట్టి మీట నొక్కాడు.

ఆ సిస్టమ్ ఎంత చురుకైనదంటే, మేము సామాను సర్దుకుని తలుపు దగ్గరికి వెళ్ళేలోపే అతని బ్యాడ్జి చచ్చిపోయింది. ఎర్రదీపం. మళ్ళీ రుద్దాడు, మళ్ళీ ఎర్రదీపం. నా బ్యాడ్జి అతిథి బ్యాడ్జి, ఉద్యోగి తోడు లేకుండా తలుపు తీయదు. నా తోడు ఇప్పుడు ఉద్యోగి కాదు. ప్రశాంతి గదిలో ఇద్దరం బందీలమయ్యాం. నేను అద్దం మీద రెండు చేతులతో దబదబా బాది, ఆ కంపెనీని, దాని పెద్దసారును, ఆయన గడులను ప్రొద్దుటూరు భాషలో ఏమేమి అనవచ్చో అన్నీ అన్నాను. అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఎనభై మందిలో ఒక్కరూ తల తిప్పలేదు.

అప్పుడు కిరణ్ పాల్ ఫోన్ మోగింది. దీవెన. స్పీకరులో పాప ఏడుపు వినబడింది, దాని మీదుగా ఆమె గొంతు.

"ఏమాయె, బొమ్మ అయ్యిందా?"

అతను ఈజిల్ వైపు తిరిగాడు. బొమ్మలోని మనిషినీ అతన్నీ పక్కపక్కన చూశాను. ఇద్దరిలో ఒక్కడే ఇంకా దాస్తున్నాడు.

"అయ్యింది" అన్నాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది. నా లెక్కనే ఉన్నది." కుర్చీలో కూర్చున్నాడు. "దీవెనా, పాపను మీ అమ్మకిచ్చి జర కూసో. నీకొకటి చెప్పాలె."

నేను అద్దం కొట్టడం ఆపేశాను.